ఎర్ర ట్యాగు కట్టిన రేకు పెట్టె

రత్నమణి పెట్టె మీంచి లేవలేదు.

పొద్దున్న టీ తాగిన గ్లాసు కడిగి బోర్లించి, తిన్నగా చిన్న గదిలోకి వెళ్లి ఆ రేకు పెట్టె మీద కూర్చుంది. ఇప్పుడు మూడు దాటింది. మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెప్పించుకుంది. పెట్టె పిడికి తీగతో కట్టిన ఎర్ర ట్యాగు ఆమె చీర కుచ్చిళ్ల పక్కనే వేలాడుతోంది.

పొద్దుటి ఎ-షిఫ్టు దిగి స్టీలు ప్లాంటు బస్సులో వచ్చిన ఫ్రాన్సిస్ బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి తల్లిని చూశాడు.

"అమ్మా, లెగు. నాలుగింటికి తిరుమలరావు సామాన్ల బండి వచ్చీస్తాది."

"రానీ."

"ఏడు రోజులు టైమిచ్చినాను కదా."

"ఇచ్చేవు. నాను కాదన్నానేటి?"

"మరి లెగవేటి?"

"కూకున్నాను. నా కాళ్లు నొప్పి."

కాళ్ల నొప్పి అబద్ధం కాదు. ఫ్రాన్సిస్ వంగి బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒక తాడు విప్పడానికి చాలాసేపు పట్టింది.

అసలు ఇదంతా ఆ మోకాలితోనే వచ్చింది. పోయిన నెల చర్చికి బయలుదేరుతూ రత్నమణి హాల్లో పేర్చిన పాత పేపర్ల కట్ట తట్టుకుని పడింది. ఎముక విరగలేదు గానీ మోకాలు వాచిపోయింది. ఇంట్లో నడవడానికి దారి లేదా అని డాక్టరు అడిగితే ఫ్రాన్సిస్ తల దించుకున్నాడు. అతను ప్లాంటులో రిగ్గరు. టన్నుల బరువులకు స్లింగు తాళ్లు కట్టి ఎత్తించే పని. అక్కడ నడిచే దారిలో ఒక్క బోల్టు పడి ఉన్నా ఊరుకోరు. అలాంటివాడి ఇంట్లో కన్నతల్లి పేపర్లు తట్టుకుని పడింది.

ప్లాంటు పద్ధతే ఇంటికి తెచ్చాడు. వాడని వస్తువుకు ఎర్ర ట్యాగు. ట్యాగు మీద నాలుగు ప్రశ్నలు: వస్తువు ఏమిటి, చివరిసారి వాడింది ఎప్పుడు, ఉంచడానికి కారణం ఏమిటి, ఎవరు చూసుకుంటారు. ఏడు రోజుల్లో కారణం రాసి సంతకం పెడితే వస్తువు ఇంట్లో ఉంటుంది. లేకపోతే పాత సామాన్ల బండి ఎక్కుతుంది. తొమ్మిదో క్లాసు చదివే అతని కూతురు రోజలిన్ స్కూలు ప్రాజెక్టు పక్కన పడేసి, ఎర్ర చార్టు కోసి, గుండ్రటి అక్షరాలతో ఒక్కరోజులో నలభై ట్యాగులు రాసింది.

మొదట్లో రత్నమణికీ సరదాగానే ఉండేది. ఐస్‌క్రీం డబ్బాలు, స్వీట్ల అట్టపెట్టెలు, కుక్కర్ల పాత రబ్బర్లు, ఏ టీవీవో తెలియని రిమోట్లు, కవరు నిండా కవర్లు. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక కారణం ఉండేది. రోజలిన్ ఆ కారణం రాసుకుని తండ్రికి చదివి వినిపించేది, అతను కొట్టేసేవాడు. ఒక పచ్చ ఐస్‌క్రీం డబ్బాను రత్నమణి మూడుసార్లు గోనెసంచీలోంచి వెనక్కి తీసింది. చివరికి ఆ డబ్బాలన్నీ చేపలమ్మే గంగాలమ్మకి ఇచ్చేశారు. జాలరిపేట నుంచి గాజువాక దాకా ఆటోలో తట్ట తెచ్చుకునే ఆ మనిషి, వాకిట్లో సంచులు చూసి గాభరాపడింది.

"ఒలమ్మో, ఇల్లు మారిపోతన్నారేటి? నాకొక్క మాట సెప్పలేదేటి?"

వాక్యం కేలండర్ల దగ్గర మాత్రం పని ఆగిపోయింది. చర్చిలో ఏటేటా ఇచ్చినవి, పద్నాలుగేళ్లవి, మేకుకి ఒకదాని మీద ఒకటి వేలాడుతూ గోడకి మూటలా ఉండేవి. దేవుని వాక్యం ఉన్న కాగితాన్ని సామాన్ల బండికి ఎలా వేస్తామని రత్నమణి బెంగపెట్టుకుంది. పాస్టరుగారికి ఫోన్ చేసి అడిగించింది. వాక్యాలు కత్తిరించి సండే స్కూలు పిల్లలకి ఇమ్మన్నారాయన. ఆమె కత్తెర పట్టుకుని కూర్చుంది. కోసిన ప్రతి వాక్యాన్నీ చదివి, దాని గురించి కాసేపు ఆలోచించి, అప్పుడు పక్కన పెట్టేది. రెండు రోజుల్లో మూడు కేలండర్లు అయ్యాయి. తర్వాత రోజలిన్ కత్తెర లాక్కుంది.

ఖాళీ అయిన ఇల్లు మళ్లీ నిండకుండా స్టెఫీ ఒక నియమం పెట్టింది. స్టెఫీ ఈ ఇంటి కోడలు, కాకినాడ పిల్ల, పరవాడలో ఒక క్లినిక్కులో నర్సు. ఒక కొత్త వస్తువు లోపలికి వస్తే ఒక పాత వస్తువు బయటికి వెళ్లాలి అంది.

"అలగైతే కోడలు లోపలికొచ్చిన రోజునే అత్తని బయటికి పంపించీవలసింది కదే," అంది రత్నమణి.

స్టెఫీ టీ ఒలకబోసుకునేంత నవ్వింది. "మీరు రోజూ వాడుకలో ఉన్న సామానండి అత్తయ్యగారు. మీకు ట్యాగు లేదు."

అలా నవ్వుకుంటూనే పోయిన శనివారం నాటికి చిన్న గదికి వచ్చారు. అక్కడ రోజలిన్, మిగతావాటికి కట్టినట్టే, పాత కర్టెను కప్పిన రేకు పెట్టెకి కూడా ఒక ట్యాగు కట్టేసింది. తండ్రి కట్టమంటేనే కట్టింది.

ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

ఆ పెట్టె ఆరోన్‌ది. రత్నమణి చిన్న కొడుకు.

ఆరేళ్ల కిందట, వానాకాలంలో, అన్న బతిమాలి ప్లాంటులో ఇప్పించిన కాంట్రాక్టు పనిని పదకొండు రోజుల్లో వదిలేసి వచ్చాడు ఆరోన్. ఆ ఇనుముల మధ్య ఉండలేనని, చేపల బోట్ల మీద పనికి పోతానని చెప్పాడు. అయితే ఈ గడప తొక్కకు అన్నాడు ఫ్రాన్సిస్. అప్పటికే తల్లి మధ్యాహ్నానికి క్యారేజీ కట్టి చేతికిచ్చింది. ఆ క్యారేజీ పట్టుకుని, కట్టుబట్టలతో ఆరోన్ గడప దాటాడు. మళ్లీ దాటి లోపలికి రాలేదు. ఫోన్ నంబరు మార్చేశాడు.

ఆ ఇంట్లో ఎవరూ ప్రార్థన లేకుండా బయటికి పోరు. పరీక్షకైనా, పెళ్లికైనా, పక్క ఊరికైనా గుమ్మంలో తల వంచి నిలబడాలి, రత్నమణి నెత్తి మీద చెయ్యి పెట్టాలి. ఆ రోజు ఆమె చెయ్యి కడుక్కుని వచ్చేసరికి గుమ్మం ఖాళీగా ఉంది.

అప్పటినుంచి ఆమె మంచం హాల్లోకి, వీధి తలుపు పక్కకి మారింది. గాలి ఎక్కువని చెప్పింది. ఎవరూ నమ్మలేదు, ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇప్పుడు ఆ చిన్న గదిని ఖాళీ చేయిస్తున్నది కూడా ఆమె కోసమే. బాత్రూం పక్కనే ఉంటుంది, కిటికీ ఉంది, మెట్టు లేదు. ఫ్రాన్సిస్ గోడకి పట్టుకోవడానికి కడ్డీ కూడా బిగించాడు. మంచం పడాలంటే పెట్టె పోవాలి.

"నాకు గదెందుకురా," అంది రత్నమణి, వారంలో ఎన్నోసారో.

"నువ్వు మళ్లీ పడితే ఎవుడెత్తుతాడు? నాను షిఫ్టులో ఉంటాను. స్టెఫీ పరవాడలో ఉంటాది."

"పడితే పడతాను. ఈ పెట్టె నీకేటి అడ్డమొచ్చింది? అన్నం పెట్టమంటాందా?"

ఫ్రాన్సిస్ వంటింటి వైపు తిరిగి భార్యను సాయం అడిగాడు. స్టెఫీ చేతిలో ఉన్న గిన్నెను తుడిచిందే తుడుస్తూ, ఈ ఒక్క పెట్టె వదిలేయమని, మంచం కిందకి తోసేద్దామని అంది. నిన్న పొద్దుటి దాకా నువ్వే కదా దీన్ని ముందు తీయాలన్నది, ఒక్కరోజులో ఏమైందని అతను అడిగాడు. ఏమీ కాలేదని చెప్పి ఆమె ఇంకో గిన్నె అందుకుంది.

వీధిలో హారన్ మోగింది.

తిరుమలరావు సామాన్ల బండిని గోడవారగా ఆపి, తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వచ్చాడు. ఫ్రాన్సిస్‌కి చిన్నప్పటి స్నేహితుడు. చిన్న గదిలోకి తొంగిచూసి, ఒక్క నిమిషంలో సంగతి గ్రహించి, హాల్లో నేల మీద చతికిలబడి మంచినీళ్లు అడిగాడు.

"బావా, అత్తతోపాటు ఎత్తమంటావేటి పెట్టె? నా బండి అంత బరువు ఆగదు."

"నువ్వు ఊరుకో బావా."

"ఊరుకున్నాను. నాకేటి తొందర లేదు."

రోజలిన్ నాయనమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. ట్యాగు తన చేత్తో కట్టినందుకు ఆ పిల్ల వారం రోజులుగా కుమిలిపోతోంది.

"మామ్మా, కారణం రాసీ. రాసి సంతకం పెట్టీ. అప్పుడు నాన్న కూడా ఏం సెయ్యలేరు. రూలు నాన్నదే."

రత్నమణి చెయ్యి కొంగు చివరికి వెళ్లింది. పెన్ను ఆమె దగ్గరే ఉంది. శనివారం నుంచీ కొంగు చివర ముడేసుకుని తిరుగుతోంది. బడికి వెళ్లని మనిషి ఆమె. కొడుకులిద్దరూ రెండో క్లాసు, ఒకటో క్లాసు చదువుతున్నప్పుడు వాళ్ల పుస్తకాల మీద వేలు పెట్టి అక్షరాలు నేర్చుకుంది. ఇప్పుడు బైబిలు మొత్తం చదువుతుంది, పేపరు చదువుతుంది. రాయడం మాత్రం అలవాటు కాలేదు. ఏడు రోజులుగా ఆమెను ఆపింది అక్షరాలు కావు. ఏ కారణం అనుకున్నా అది ట్యాగు మీద ఉన్న చిన్న గీతలో పట్టలేదు.

కొంగు ముడి విప్పింది. ట్యాగును మోకాలి మీద పరుచుకుని ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. రాసి రోజలిన్‌కి ఇచ్చింది.

రోజలిన్ పైకి చదివింది. "చెప్పి వెళ్లలేదు."

హాల్లో తిరుమలరావు గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఇది కారణం కాదమ్మా," అన్నాడు ఫ్రాన్సిస్.

"మరేటిరా ఇది?"

అతను కాసేపు గోడకి తాను బిగించిన కడ్డీని చూశాడు. తర్వాత, లోపల ఏముందో చూడకుండా పెట్టిన సంతకం ప్లాంటులోనైనా చెల్లదని, తెరిచి చూసి ఏది కావాలో అది మాత్రం తీసుకోమని, మిగతాది పంపించేద్దామని చెప్పాడు. కోపంగా చెప్పలేదు. బతిమాలినట్టే చెప్పాడు.

రత్నమణి ఆ పెట్టెను ఆరేళ్లలో ఒక్కసారీ తెరవలేదు. రోజూ పొద్దున్న కర్టెను మీద అరచెయ్యి ఆనించి వెళ్లిపోయేది. తెరిస్తే లోపలున్న బట్టల వాసన పోతుందని ఆమె భయం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని.

ఇప్పుడు మనవరాలి భుజం పట్టుకుని లేచింది.

"ఎవులూ ముట్టుకోకండి. నానే ఇప్పుతాను."

పెట్టెకి తాళం లేదు. గొళ్లేనికి నైలాను తాడు కట్టి ఉంది. జాలరిపేట బోట్లవాళ్ల దగ్గర నేర్చుకున్న ముడి అది, ఆరోన్ ఒక్కడే వేసేవాడు. లాగితే బిగుస్తుంది, ఒక కొసను లోపలికి తోస్తే వదులవుతుంది. విద్య నేర్చినవాడిలా తల్లికి చాలాసార్లు చూపించాడు. రత్నమణి కర్టెను తీసి, వంగి, కొసను వెతికి లోపలికి తోసింది.

వదులవలేదు.

మళ్లీ తోసింది. కళ్లద్దాలు సర్దుకుని ముడి మీదికి ముఖం వంచింది. నెమ్మదిగా తల ఎత్తింది.

"ఇది ఆడి ముడి కాదు."

ఫ్రాన్సిస్ చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు బెల్లం తిని దొరికిపోయినా ఇలాగే ఎర్రబడేవి.

"ఏరా పెద్దోడా."

"నానే ఇప్పినానమ్మా. ఇప్పి మళ్లీ కట్టినాను. ఆడి ముడి నాకు రాదు, నా ముడి ఏసాను." అంటూ అతను పక్కన కూర్చుని తాడు మీద చెయ్యి వేశాడు. పద్దెనిమిదేళ్లుగా తాళ్లు, గొలుసులు కట్టిన చెయ్యి. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇది నాది కూడా కాదు."

వంటింట్లో గిన్నె తుడుస్తున్న చప్పుడు ఆగింది.

అది చిన్న, చదునైన ముడి. కట్టు కట్టి చివర్లు లోపలికి మడిచినట్టు ఉంది. ఫ్రాన్సిస్ దాన్ని విప్పాడు. మూత ఎత్తే ముందు తల్లి వైపు చూడకుండా మాట్లాడాడు.

"లోపల కొత్త చొక్కాలుంటాయి. ఐదు. ప్రతి క్రిస్మస్‌కీ మనందరికీ తీసినప్పుడు ఆడికీ ఒకటి తీసీవాడిని. ఇంటికి తెచ్చి నీకు సూపించలేక ఇందులో పెట్టీసేవాడిని. పోయిన క్రిస్మస్‌కి కొనలేదు. షాపులో నిలబడితే ఆడి సైజు ఏటో నాకు తెలీలేదమ్మా. మారిపోయుంటాడు కదా. అప్పుడే అనుకున్నాను, ఈ పెట్టె ఇంట్లో ఉంటే నాను బాగోనని."

రత్నమణి కొడుకు ముఖం చూసింది. ఆరేళ్లుగా ఆమె ఈ ఇంట్లో ఒక్కతే ఎదురు చూస్తున్నాననుకుంది. కొడుకు జుట్టులో ఇనప రజను ఉంది. దాన్ని చేత్తో దులిపింది.

"సెప్పొచ్చు కదరా."

"ఏటని సెప్పను? గడప తొక్కొద్దన్నది నానే కదా."

మూత ఎత్తారు. కలరా ఉండల వాసన వచ్చింది. దాని వెనక ఇంకే వాసనా లేదు. ఆరోన్ పాత బట్టల మీద కొత్త చొక్కాలు ఉన్నాయి, గుండుసూదులు తీయనివి, కాలర్లలో అట్టముక్కలతో. వాటి మీద, తెల్లటి కట్టు గుడ్డలో చుట్టి, నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ ఉంది.

దాన్ని ఫ్రాన్సిస్ గుర్తుపట్టలేదు. రోజలిన్‌కి తెలిసే వీలు లేదు. రత్నమణి రెండు చేతులతో ఎత్తి, పై గిన్నె అంచు మీద వేలు పోనిచ్చింది. చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు వేలికి తగిలాయి. ఆమె పుస్తకం సాయం లేకుండా జీవితంలో మొదట చదివిన మాట అదే. తన పేరు.

"ఇది ఇంట్లో లేదు," అంది. "ఇది ఆడితో ఎల్లిపోయింది. ఆ రోజు నానే సేతికిచ్చినాను."

రోజలిన్ చేతిలో ఇంకా ట్యాగు ఉంది. ఏం చేయాలో తెలియక, అలవాటుగా, దాని మీద ఖాళీగా మిగిలిన ప్రశ్నను చదివేసింది.

"చివరిసారి వాడింది ఎప్పుడు?"

"నిన్న," అంది స్టెఫీ.

వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. గిన్నె తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.

"నిన్న మధ్యాహ్నం, అత్తయ్యగారు. మొన్న మీరు చేసిన చేపల పులుసు, అన్నం పెట్టి పట్టుకెళ్లాను."

ఆమె చెప్పింది తక్కువే. మూడు వారాల కిందట చేతికి కట్టు కట్టించుకోవడానికి క్లినిక్కుకి వచ్చిన మనిషి తల ఎత్తితే ఆరోన్. బోట్లు ఎప్పుడో మానేశాడు. రెండేళ్లుగా పరవాడలోనే ఉంటున్నాడు. ఇంట్లో చెబితే మళ్లీ కనపడనని ఒట్టు పెట్టించుకున్నాడు. అన్నం తెస్తానంటే మాత్రం వద్దనలేదు. మర్నాడు ఈ క్యారేజీ తెచ్చి ఇచ్చాడు, తోమి.

"ఇన్నాళ్లూ పేపర్ల వెనక, అటక మీద ఎక్కడో ఒకచోట దాచేదాన్ని. ఇప్పుడు ఇల్లంతా ఖాళీ చేసేశాం కదండి. దాచడానికి ఇంకెక్కడా చోటు లేదు. ఈ పెట్టె ఒక్కటే మిగిలింది. మీరు ఎప్పటికీ తెరవనివ్వరనుకున్నాను."

రత్నమణి క్యారేజీని ఒళ్లో పెట్టుకుంది. ఒక్కో గిన్నె మీదా తన పేరును తడిమింది. బస్సెక్కితే గంట దూరంలో ఉన్నాడు. తను వండిన పులుసే తిన్నాడు. అతనికి ఉప్పు సరిపోయిందో లేదో కూడా తనకు తెలియదు.

"సెయ్యికేటైంది?" అని అడిగింది.

"చిన్న దెబ్బేనండి. మానింది."

ఫ్రాన్సిస్ లేచాడు. స్టెఫీ వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో ఏముందో ఆమె పోల్చుకునేలోపే తిప్పేసుకున్నాడు. గోడ మేకుకి ఉన్న తన మోటారుసైకిలు తాళం తీసుకుని, ఉత్త కాళ్లతోనే వీధి గుమ్మం దాకా వెళ్లి, చెప్పుల కోసం వంగాడు.

"ఎక్కడికిరా?"

అతను ఒక కాలు చెప్పులో పెట్టాడు.

"ఏమండీ, మీ తమ్ముడితో గొడవ పడొద్దు," అంది స్టెఫీ.

రత్నమణి క్యారేజీ మనవరాలికిచ్చి లేచింది. వాచిన మోకాలితో, ఇప్పుడు ఏ అడ్డమూ లేని హాలు దాటి, ఆమె ఆరేళ్లలో ఎప్పుడూ నడవనంత తొందరగా నడిచి గుమ్మం చేరింది.

"ఆగు. పార్థన సేసుకుని ఎల్లు."

ఫ్రాన్సిస్ ఆగాడు. ఒక చెప్పు వేసుకున్నాడు, ఇంకోటి వేసుకోలేదు. వెనక్కి తిరిగి తల వంచాడు. తిరుమలరావు లేచి నిలబడి భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. స్టెఫీ, రోజలిన్ ఉన్నచోటే కళ్లు మూసుకున్నారు.

రత్నమణి కొడుకు నెత్తి మీద చెయ్యి పెట్టింది. తలుపు తెరిచే ఉంది. తాళం అతని పిడికిట్లో బిగిసి ఉంది. తమ్ముణ్ణి తీసుకురావడానికి వెళ్తున్నాడో, ఈ మధ్యాహ్నం ఎవరి ముఖమూ చూడలేక ఎటో వెళ్తున్నాడో అతను చెప్పలేదు. ఆరేళ్ల కిందట చిన్నవాడూ ఇలాగే ఆమెకు చెప్పకుండా గడప దాటాడు.

ఆమె ప్రార్థన ఎప్పుడూ ఎక్కడికి వెళ్తున్నారో చెప్పడంతోనే మొదలయ్యేది.

"ప్రభువా," అంది.

అరచేతికి ఇంకా ఇనప రజను తగిలింది. ఆ తర్వాతి మాట కోసం అందరూ కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నారు.